సారు జారిపడలేదు

షార్జా వైపు కల్బాలో మా అక్క కొడుకు నడిపే, ఇప్పుడు నేనూ పనిచేసే టీ కొట్టు పక్కన ఈ మధ్య ఒక ఫర్నిచర్ కొట్టు తెరిచారు. పోయిన వారం మధ్యాహ్నం వాళ్ళు లారీలోంచి సోఫాలూ అద్దాలూ దింపుకుంటూ, అట్టపెట్టెలోంచి తెల్లటి తలకాయ ఒకదాన్ని తీసి, దుమ్ము దులపడానికని మా కొట్టు ముందు బల్ల మీద పెట్టారు. బట్టతల, గుబురు గడ్డం, చప్పిడి ముక్కు, కనుపాపలు లేని కళ్ళు. షోకేసులో పెట్టుకునే ప్లాస్టర్ బొమ్మ. సామాన్లు దింపే బెంగాలీ అతను నా వైపు చూసి హిందీలో "ఎవరు చాచా ఈ ముసలాయన, నీకు తెలుసా?" అని నవ్వాడు. నేను చేతిలో గ్లాసు చేతిలోనే పట్టుకుని, "తెలుసు, సజ్జాలో మా రూములో ఉండేవాడు" అన్నాను. అన్న తర్వాత గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. వాడు నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ బొమ్మలో ఉన్నలాంటి గడ్డాల గ్రీకు పెద్దలెవరూ నా రూములో లేరు గానీ, వాళ్ళ మాటలు మాత్రం ఉండేవి. వాటిని తెచ్చిపెట్టిన సారు ఉండేవాడు. గల్ఫు రూముల నుంచి ఫోను కార్డులతో సంసారం ఈదిన నా ఈడు వాళ్ళకు ఈ కథ వింతగా అనిపించకపోవచ్చు. మనం ఏ రూములో ఎవరి పక్క మంచం మీద పడుకుంటామో, ఆ మనిషి నుంచి ఏం నేర్చుకుని లేస్తామో మన చేతిలో ఎప్పుడూ లేదు కదా.

మాది కడప జిల్లాలో రాయచోటి దగ్గర. దూదేకుల వాళ్ళం, మా ఇళ్ళల్లో తెలుగే. ఉర్దూ నాకు దుబాయ్ నేర్పింది. దుబాయ్ అంటాను గానీ, ఉన్నదంతా షార్జాలో, సజ్జా లేబర్ క్యాంపులోనే. ఏడు వందల మందికి వండే మెస్సులో పద్నాలుగేళ్ళు వంటమనిషిని. మా నాయన ఇంటింటికీ తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. వింటినారి మీద కొట్టిన ప్రతిసారీ గడ్డకట్టిన దూది పోగులు పోగులుగా విడిపోయి, ఇంత మూట ఇంటినిండా అయ్యేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, సారు మాట్లాడే పద్ధతి చూసిన మొదటిరోజే నాకు మా నాయన గుర్తొచ్చాడు. మనం గట్టిగా చుట్టి పెట్టుకున్న మాటను తీసుకుని ఆయన ఒక్కొక్క ప్రశ్నే వేస్తూ, అది పోగులుగా విడిపోయేదాకా వదిలేవాడు కాదు.

సారుది నెల్లూరు వైపు. ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై ఏళ్ళు తత్త్వశాస్త్రం చెప్పాడట. పిల్లలందరూ కంప్యూటర్ల వైపు పోవడంతో ఆ సెక్షనే మూసేశారు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో స్టోరు గుమాస్తాగా వచ్చి, ఆత్మ గురించి పాఠాలు చెప్పిన నోటితో నట్లు ఎన్ని, బోల్టులు ఎన్ని అని చెప్పేవాడు. ఒక్కనాడూ అందుకు సిగ్గుపడినట్టు గానీ, ఏడ్చినట్టు గానీ నేను చూడలేదు.

రెండువేల ఇరవైలో కరోనా వచ్చి క్యాంపు గేట్లు మూసినప్పుడు సైట్లు ఆగాయి, స్టోరు ఆగింది, ఆగనిది నా వంటిల్లు ఒక్కటే. మనుషులు మంచాల మీద పడుకుని ఎవరికి దగ్గొస్తుందా అని ఒకరి వైపు ఒకరు అనుమానంగా చూసుకునే రోజులవి. రెండో రోజు మధ్యాహ్నం నమాజు అయ్యాక సారు మాస్కు కట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఉట్టినే కూర్చోలేకపోతున్నాను, ఏదైనా కత్తి ఇవ్వమన్నాడు. ఉల్లిగడ్డల బస్తా చూపించాను. ఆ రోజు నుంచి రోజూ మూడు గంటలు ఆయన ఉల్లిగడ్డలు తరగడం, నేను పప్పు కలపడం, మధ్యలో ప్రశ్నలు. నీళ్ళ ట్యాంకర్ తోలే నా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, వంటింటి తొట్టి నింపే సాకుతో వచ్చి గడప మీద కూర్చునేవాడు. వాడు ముప్పై ఏళ్ళ వాడు, మాటకు ముందు చెయ్యి లేచే రకం, కానీ మనసు వెన్న.

మొదటి గొడవ కోడిగుడ్డు మీద వచ్చింది. జ్వరం వచ్చి లేచిన వాళ్ళకు నేను రెండేసి గుడ్లు వేస్తుంటే, సైట్లలో కాంక్రీటుకు ఇనుము కట్టే వాళ్ళు అడ్డం తిరిగారు. అందరికీ సమానంగా వేస్తేనే న్యాయమని నేనూ ఒప్పుకున్నాను. సారు ఉల్లిగడ్డ పక్కన పెట్టి, చెప్పు బాగా కుట్టే వాడు అందరికీ ఒకే కొలత చెప్పు కుడతాడా అని అడిగాడు. కుట్టడన్నాను. మరి సమానం అనే మాటకు అర్థమేమిటని అడిగాడు. ఆ సాయంత్రానికి నేను న్యాయం అనే మాటకు ఆరు అర్థాలు చెప్పి ఆరింటినీ పోగొట్టుకున్నాను. ఇలా అడిగీ అడిగీ ఊరివాళ్ళ కోపం తెచ్చుకుని, చివరికి వాళ్ళు వేసిన శిక్షకు విషం తాగి పోయిన ఒక గ్రీకు ముసలాయన కథ, ఫోనులో ఆయన తలకాయ బొమ్మ చూపించి మరీ, అప్పుడే చెప్పాడు. పారిపోవడానికి స్నేహితులు దారి చూపించినా ఆయన పోలేదట. నా బావమరిదికి ఆ కథ అస్సలు నచ్చలేదు. "సందు దొరికితే పోవాల గదా సార్, ఉండి సాధించిందేముంది?" అని రెండు రోజులు సతాయించాడు.

ఆత్మ సంగతి కూడా వంటింట్లోనే విన్నాను. మనిషి లోపల ముగ్గురు కాపురం ఉంటారని ఆ పెద్దలు అనుకున్నారట. ఆలోచించేవాడు ఒకడు, రోషపడేవాడు ఒకడు, ఆశపడేవాడు ఒకడు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ, ఆలోచించేవాడి మాట మిగతా ఇద్దరూ వింటే ఆ మనిషిలో న్యాయం ఉన్నట్టు. ఊరికైనా అంతే, మనిషికైనా అంతే. సారు ఇది చెప్పగానే నా బావమరిది గడప మీది నుంచి, "నా లోపల ముగ్గురూ డ్రైవర్లే సార్, స్టీరింగ్ కాడ కొట్లాట" అన్నాడు. సారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిగడ్డలని బుకాయించాడు గానీ, చాలా ఏళ్ళ తర్వాత క్లాసులో ఒక పిల్లవాడు లేచి జవాబు చెప్పినట్టు అనిపించి ఉంటుంది ఆయనకు.

నాకు మింగుడుపడని మాట ఇంకొకటి ఉండేది. అన్యాయం చేయడం కన్నా అన్యాయానికి గురికావడమే మేలన్నది. పడేవాణ్ణి అడగండి సార్ ఆ మేలు ఏమిటో, అన్నాను నేను. "పడినోడు దాన్ని మర్చిపోయి నిద్రపోవచ్చు భాయ్. చేసినోడు చేసినోడితోనే కాపురముండాల, విడాకులు లేవు" అన్నాడు. పప్పు అడుగంటుతోందని మాట తప్పించాను.

మరుసటి ఏడాది ఎండాకాలం, మన దేశంలో రోగం మళ్ళీ విరుచుకుపడిన రోజుల్లో, మా అత్తకు జబ్బు చేసింది. నాకు పిల్లనిచ్చిన అత్త, తల్లి లేని నాకు తల్లిలాగా అన్నం పెట్టిన మనిషి. నా బావమరిది సెలవు కోసం అర్జీ రాసి ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు, ఇచ్చాడు. ముదీర్ మన దేశం వాడే. పైకి పంపించాను, జవాబు రావాలి అంటూ నాలుగు రోజులు తిప్పాడు. ఐదో రోజు తెల్లారి అత్త పోయింది. కొడుకు తల్లిని మట్టి చేయడం ఫోనులో చూశాడు. ఒక్క కన్నీటి బొట్టు రాలలేదు వాడికి, అదే నాకు భయం వేసింది. మర్నాడు రూములో ఉండలేనని ట్యాంకర్ తీశాడు. మెస్సు వెనక ఆపి, తాళం నా చేతిలో పెట్టి, "బావా, ఇది నీకాడ పెట్టుకో. నేనడిగితే తప్ప ఎవురికీ ఇయ్యొద్దు" అని, ఇక సెలవు అక్కర్లేదని చెప్పి రావడానికి ముదీర్ క్యాబిన్‌కు పోయాడు.

పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. చూసింది చెప్పాడు. వాడి అర్జీ ముదీర్ బల్ల మీదే ఉంది. పైకి పోలేదు, ఎక్కడికీ పోలేదు. దాని మీద టీ గ్లాసు పెట్టి ఉంది. గ్లాసు అడుగు మరక వాడి పేరు మీద గుండ్రంగా అచ్చయి ఉంది.

"బావా, తాళం ఇయ్యి."

"యాడికి రా?"

"ఆ క్యాబిన్ మీదికి ఎక్కిస్తా. వాడు లోపలే ఉండాడు. ఇయ్యి."

తాళం నా జేబులో ఉంది. ఎవరిది వాళ్ళకు తిరిగి ఇవ్వడం న్యాయమన్నది ఏడాది కింద సారుకు నేను చెప్పిన జవాబుల్లో ఒకటి. నోటికి వచ్చిన అబద్ధం ఆడేశాను, క్యాంప్ బాస్ తీసుకుపోయాడని. స్టోరు మళ్ళీ తెరిచినా ఉల్లిగడ్డలు తరగడం మానని సారు, పొయ్యి పక్కన కత్తి కింద పెట్టి లేచి, వాడికీ నాకూ మధ్య వచ్చి నిలబడ్డాడు.

"లేదబ్బయా. తాళం మీ బావ జేబులోనే ఉంది. నీకియ్యం."

"అది నా తాళం సార్. నేనిచ్చిందే నేను అడుగుతాండా."

"ఇచ్చినోడు నువ్వే. ఇప్పుడు అడుగుతుండేది నువ్వు కాదు."

వాడు సారును తోశాడు. కొట్టాలని కాదు, దారికి అడ్డం తీయాలని. సారు వెనక్కి పోయి పొయ్యి గట్టుకు తగులుకున్నాడు. కనుబొమ్మ చిట్లింది. పక్కనున్న డేక్సా ఒరిగి, ఉడుకుతున్న పప్పు ఎడమ చేతి మీద మోచేతి దాకా పడింది. ఆయన అరిచిన అరుపు విని నా బావమరిది అక్కడే కూలబడి, సారు కాళ్ళు పట్టుకుని, అమ్మా అమ్మా అని ఏడవడం మొదలుపెట్టాడు. తల్లి పోయిన తర్వాత వాడు ఏడ్చింది అదే మొదలు. నేను సారు చేతి మీద నీళ్ళు పోస్తూ, ఎవరిని ఓదార్చాలో తెలియక ఇద్దరినీ తిట్టాను.

అరగంటలో ముదీర్ వచ్చాడు. క్యాంపు నర్సు కట్టు కడుతుండగానే సంగతంతా ఆయనకు అర్థమైంది. మళ్ళీ క్యాబిన్‌కు పోయి, రెండు కాగితాలు టైపు చేయించి తెచ్చాడు. వంటింట్లో నేల తడిగా ఉండి స్టోరు గుమాస్తా కాలు జారి పడ్డాడని అందులో ఉంది. దెబ్బ తిన్న మనిషి ఒక సంతకం, చూసిన మనిషి ఒక సంతకం. పోలీసు రాడు, నా బావమరిది ఉద్యోగం పోదు, టీ గ్లాసు మాట ఎవరూ ఎత్తరు. "సైన్ కరో, ఖలాస్" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అంత చక్కటి అబద్ధం నేను మళ్ళీ చూడలేదు. అందులో అందరికీ లాభమే. నేను సంతకం పెట్టాను.

సారు పెట్టలేదు. కట్టు లేని కుడిచేత్తో తనే ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాశాడు. ఇతను నన్ను తోశాడు. ఇతని మీద నాకు ఫిర్యాదు లేదు. తల్లి జబ్బుగా ఉందని ఇతను ఇచ్చిన సెలవు అర్జీని ఐదు రోజులు బల్ల మీదే ఉంచుకున్నారు. ఆ మూడోది కొట్టేయమని ముదీర్ మర్యాదగా అడిగాడు, తర్వాత మర్యాద లేకుండా అడిగాడు. సారు తల అడ్డంగా ఊపాడు.

ముదీర్ పోయాక నేను సారు మీద పడ్డాను. మీ సత్యం మా వాణ్ణి జైల్లో పెడుతుంది, మీ గ్రీకు ముసలాయన విషం ఆయనే తాగాడు గానీ పక్కవాడి నోట్లో పోయలేదు, అన్నాను. ఆయన కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "ఆ మాట నిజమే భాయ్. నాక్కూడా భయంగానే ఉంది" అన్నాడు. మూలన కూర్చుని ఇదంతా విన్న నా బావమరిది లేచి, ముఖం కడుక్కుని, నేరుగా క్యాబిన్‌కు పోయి, "సారు జారిపడలేదు, నేనే తోసినా, రాసుకో" అని చెప్పి వచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు వాడి నడకలో ఒక నెమ్మది ఉంది. వాణ్ణి అంత నెమ్మదిగా అంతకుముందు నేను చూడలేదు.

కాగితాలు పొంతన కుదరకపోవడంతో హెడ్డాఫీసు నుంచి పెద్ద ముదీర్ వచ్చాడు. తెల్లటి కందూరా అంగీ వేసుకున్న అరబ్బు పెద్దమనిషి, నిదానంగా మాట్లాడేవాడు. దూరం దూరంగా కుర్చీలు వేయించి ఒక్కొక్కరినీ అడిగాడు. నా బావమరిది తోశానన్నాడు. సారు తోశాడన్నాడు, ఎందుకు తోశాడో కూడా చెప్పాడు. నా వంతు వచ్చింది. నువ్వేం చూశావు అని హిందీలోనే అడిగాడు. నా సంతకం ఆయన చేతిలో ఉంది, మా ముదీర్ కళ్ళు నా మీద ఉన్నాయి. "నేల తడిగా ఉండింది సార్" అన్నాను. అది అబద్ధం కాదు. వంటింటి నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అబద్ధం కాని ఆ మాట ఆడినందుకు పడ్డ సిగ్గు, తాళం గురించి ఆడిన అబద్ధానికి నేను పడలేదు.

ఆ తర్వాత జరిగింది ఇది. ముదీర్‌ను వేరే సైటుకు మార్చారు. సారు ఫిర్యాదు చేయలేదు గనక పోలీసు కేసు లేదు గానీ, చెయ్యి చేసుకున్నందుకు నా బావమరిదిని వీసా రద్దు చేసి ఇంటికి పంపారు. వాడు తల్లి నలభయ్యో దినానికి అందుకున్నాడు. సారు కాంట్రాక్టు ఆ చలికాలంలో ముగిసింది, కొత్తది రాలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. ముగ్గురిలో నాకొక్కడికే ఉద్యోగం మిగిలింది. ఫోనులో మా ఆవిడ ఒక్క మాటే అంది: "తమ్ముడు నిజం చెప్పి ఇంటికొచ్చినాడు. నువ్వేం చెప్పి ఆడుండావు?" తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు.

సారు వెళ్ళే రోజు ఉదయం, సూట్‌కేసు గడప దగ్గర పెట్టి వంటింట్లోకి వచ్చి, అలవాటుగా ఉల్లిగడ్డల బుట్ట ముందు కూర్చున్నాడు. ఎడమ చేతి మీద తోలు గులాబిరంగుగా ముడతలు పడి ఉంది. తప్పు చేశాను సార్ అన్నాను. నువ్వు భయపడ్డావు, అంతేనన్నాడు. రెండూ ఒకటేనా అని అడిగాను, ఆయన నేర్పిన విద్యే గదా. ఒక ఉల్లిగడ్డ చేతిలోకి తీసుకుని, "ఒకటి కాదు భాయ్. గానీ రెండూ గోడ పంచుకునే ఇళ్ళు" అన్నాడు. నేను కట్టిచ్చిన పులిహోర పొట్లం చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. నన్ను దగ్గరకు తీసుకుందామని చెయ్యి చాచి, కరోనా సంగతి గుర్తొచ్చి, ఆ చేత్తోనే సలాం చేశాడు.

రెండేళ్ళ తర్వాత నేను కంపెనీ వదిలేటప్పుడు, ఆఖరి కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటున్న గుమాస్తా అమ్మాయికి నేనూ ఒక కాగితం ఇచ్చాను. తెలుగులో నా చేతిరాత. ఫలానా రోజు సారు జారిపడలేదు, తోస్తే పడ్డాడు, తోసినవాడికి కారణం ఉంది, నేను రాసిచ్చింది తప్పు, అని నాలుగు వరుసలు. ఫిలిప్పీన్స్ పిల్ల, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది దేనికని అడిగింది. నా ఫైలులో ఉంచమ్మా చాలు, అన్నాను. పాపం, ఉట్టిగా పెడితే బాగుండదనుకుందో ఏమో, కింద కంపెనీ ముద్ర వేసి మరీ పెట్టింది. ఆ సాయంత్రం నెల్లూరుకు ఫోను చేసి చెబితే సారు పడీపడీ నవ్వాడు. ఎవరూ చదవలేని చోట నిజం రాసి పెట్టడానికి కూడా ధైర్యం కావాలి భాయ్, అన్నాడు. వెక్కిరించాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. నా బావమరిది రాయచోటిలో స్కూలు బస్సు తోలుతున్నాడు. సారు ఊళ్ళో ఇంటి వరండాలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాడు. ఏడాదికోసారి మా వాడు మామిడిపళ్ళు తీసుకుని ఆయన్ను చూసి వస్తాడు.

మొన్న రంజానులో పాత వాళ్ళను చూద్దామని సజ్జా పోయాను. మెస్సు తీసేశారు. మూడు పూటలా బయటి నుంచి మూత బిగించిన డబ్బాలు వస్తున్నాయి. రూములు బాగున్నాయి, ఏసీ చల్లగా ఉంది, మంచానికొక పరదా, పరదా వెనక ఒక్కొక్క మనిషి చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒక్కొక్క లోకంలో ఉన్నాడు. నేను ఇఫ్తారుకు పట్టుకుపోయిన సమోసాలు తలా ఒకటి తీసుకుని, షుక్రియా చెప్పి, మళ్ళీ పరదా లాగేసుకున్నారు. వాళ్ళను తప్పు పట్టను, పగలంతా ఎండలో పనిచేసి వచ్చిన పిల్లలు. ఆ కరోనా రోజులు మళ్ళీ రావద్దనే ఐదు పూటలా అల్లాను వేడుకుంటాను. మా క్యాంపులోనే ఎంతమందిని మోసుకుపోయారో నాకు తెలుసు. కానీ చావు గేటు బయట నిలబడి ఉన్న ఆ రోజుల్లో, ముగ్గురం ఉల్లి ఘాటులో కూర్చుని, మంచివాడంటే ఎవడు అని గొంతులు చించుకుని వాదించుకున్నాం. ఇప్పుడు ప్రాణానికి ఏ భయమూ లేదు, ఆ మాట ఎత్తే మనిషీ లేడు. బస్సు వచ్చేదాకా ఆ పరదాల మధ్య కాసేపు నిలబడ్డాను, ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని.